చికిత్స మానుట సేవ మానుట కాదు

ముదిరిన క్యాన్సరుతో కృశించి, మేలుకొనియున్న కాలములో సగమునకు మించి శయ్యపైననే గడుపు తండ్రికి తీవ్రౌషధములు ఇప్పించుట ధర్మమా? మానినచో పితృసేవకు లోపము వచ్చునా? ఈ సందేహము పెక్కు గృహములలో కుమారులను కలచుచున్నది.

రోగబలముతోపాటు రోగిబలమునుగూడ పరీక్షింపవలెనని చరకసంహిత విధించుచున్నది. నేటి వైద్యులును 1982లో ప్రకటితమైన యొక కొలతను పాటింతురు. అందు 0 పూర్ణశక్తి, 4 పూర్తిగా మంచము పట్టుట, 5 మరణము. పైన చెప్పిన తండ్రి స్థితి 3. ఆ దశలో కీమోథెరపీ తరచుగ మేలుకంటె బాధనే పెంచును. అయినను లింఫోమావంటి కొన్ని వ్యాధులు మందునకు వేగముగ లొంగును. నీరసమునకు అట్టి వ్యాధియే కారణమైనచో చికిత్స సముచితమే. ఈ భేదమును వైద్యుడు చెప్పవలెను.

ఇచ్ఛను మాత్రము రోగియే చెప్పవలెను. ప్రేమచే నిజమును దాచు బంధువులు ఆ అవకాశమును తెలియకయే హరించుచున్నారు. ఏడు దినములే మిగిలినవని తెలిసినందుననే గదా పరీక్షిన్మహారాజు భాగవతశ్రవణమునకు కూర్చుండెను!

తీవ్రౌషధము మానుట సేవ మానుట కాదు. వైద్యుని పర్యవేక్షణలో మార్ఫిన్ వంటి మందులతో నొప్పి తగ్గించుట, పుండ్లు పడకుండ ప్రక్కకు తిప్పి పరుండబెట్టుట, పెదవులు తడుపుట, భగవన్నామము వినిపించుట, ఇవన్నియు చికిత్సలే. స్వస్థుడైయుండగ తన్ను తలచిన భక్తుడు తుదకు కదలలేక, తలచలేక పడియున్నపుడు తానే వానిని స్మరింతునని వరాహస్వామి అభయమిచ్చెను. తండ్రికి స్మరించు శక్తి లేదని కుమారుడు దుఃఖింపనక్కరలేదు. ఆ భారము స్వామిది. చేయి పట్టుకొని ప్రక్కన కూర్చుండుట కుమారునిది.