ఔషధదానము – అప్రమత్తత





ఆహారము, ఔషధము, శాస్త్రము, అభయము అను నాలుగు దానములలో ఔషధదానమును మనము మిక్కిలి సులభముగా చేయుచున్నాము. ఆ సులభమే నాకు భయము గొలుపుచున్నది. వనమూలికల అంగడి పెట్టుకొన్న నా వంటివాడు పొరుగింట దగ్గు వినబడగానే చిటికెడు చూర్ణము పొట్లము కట్టి యిచ్చును. పుణ్యము మూట కట్టుకొంటినని తృప్తి పడును. ఆ మూటలో నున్నదేమో నేడు విప్పి చూతము.

వైద్యము మన ధర్మమునకు పరాయి విద్య కాదు. తొమ్మిదవ శతాబ్దిలో ఉగ్రాదిత్యాచార్యులు త్రికళింగమునందలి రామగిరిపై నుండి ‘కల్యాణకారకము’ అను సంస్కృత వైద్యగ్రంథమును రచించినారు. విజయనగరము చెంతనున్న రామతీర్థమే ఆ రామగిరి యని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. అచ్చటి కొండలపై జైన శిథిలములు నేటికిని కలవు. మాంసముతో పని లేకయే చికిత్స సాగునని ఆచార్యులు రాష్ట్రకూట ప్రభువు నృపతుంగుని సభలో వాదించి, ఆ వాదమును గ్రంథమునకు అనుబంధముగా చేర్చినారు. ఈ గ్రంథము 1940లో షోలాపురమున హిందీ అనువాదముతో అచ్చయినది.

అందొక గొప్ప విభాగము కలదు. స్వాస్థ్యము రెండు విధములు: కర్మక్షయము వలన ఆత్మకు కలుగునది పారమార్థికము, జఠరాగ్ని, ధాతువులు సమముగా నుండి, ఇంద్రియములు, మనస్సు ప్రసన్నముగా నుండుట వ్యావహారికము. చూడుడు, దేహస్వాస్థ్యమును చెప్పుచున్నపుడు సైతము ఆచార్యులు మనస్సును విడువలేదు.

రోగి మనస్సు ఎటు పోవునో మన శాస్త్రములు చక్కగా ఎరుగును. వచ్చిన వేదననే రేయింబవళ్లు తలపోయుచు కుములుట ఆర్తధ్యానములలో నొకటి. దానికి విరుగుడు సామాయికము. రెండు గడియలు, అనగా నలువదియెనిమిది నిమిషములు, సమభావముతో కూర్చుండుట; కాయోత్సర్గమున దేహమమకారమును సడలించుట. మనస్సు కుదుటబడినకొలది శ్వాస నెమ్మదించును, కండరముల బిగువు తగ్గును, నిద్ర పట్టును. నేటి వైద్యులును ఇట్టి సాధనలను మందునకు తోడుగా చేయుమనుచున్నారు. తోడుగా అనిరి గాని, మందునకు బదులుగా అనలేదు. ఈ రెండు మాటల నడుమనే నా తప్పు జరిగినది.

కొన్నియేండ్ల క్రిందట మా వీధి బట్టల వర్తకుడొకాయన రక్తపుపోటునకు మాత్రలు వాడుచుండెను. “అన్నగారూ, జీవితాంతము ఈ మాత్రలేనా?” అని నన్నడిగెను. నేను పెద్దమనిషి తరహాలో, “ఆ మాత్రకు మూలము మన సర్పగంధ వేరే గదా! మూలమే మన అంగట నుండగా మాత్ర ఎందులకు? ఈ చూర్ణము పుచ్చుకొని రోజూ సామాయికము చేయుము తమ్ముడూ” అంటిని. ఆయన నమ్మెను. మాత్రలు మానెను. రెండు మాసములు తిరుగకముందే పక్షవాతము వచ్చి కుడిచేయి పడిపోయెను. చూడబోయిన నాతో తడబడు మాటలతో, “మీరు మంచికే చెప్పినారు” అనెను. ఆయన తిట్టియుండిన నాకింత బాధ లేకపోవును.

నేను చెప్పినదానిలో సగమే నిజము. సర్పగంధ రక్తపుపోటును తగ్గించునని 1949లో బొంబాయి వైద్యులు డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రకటించినారు. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఆ వేరు నుండి రెసర్పిన్ అను సారమును వేరుచేసినారు. కాని ఆయన వాడుచున్న మాత్ర అదియో కాదో నేను చూడనే లేదు. మాత్రలో మందెంతయో తూచి యుండును. నా చూర్ణములో ఎంత కలదో నేనెరుగను. మోతాదు మించిన ఆ వేరు మనస్సును దిగులులో ముంచగలదనియు నాడు నేనెరుగను. మేలు చేయు శక్తి గల మూలికకు కీడు చేయు శక్తియు నుండును.

“చంపవలెనని తలచలేదు గదా” అని నన్ను నేను ఓదార్చుకొన జూచితిని. తత్త్వార్థసూత్రము ఆ దారి మూసివేసినది. ప్రమాదము, అనగా ఏమరుపాటు, దానివలన ప్రాణములకు కలుగు హానియే హింస యని ఉమాస్వాతి నిర్వచనము. చీమను త్రొక్కకుండ నేల చూచి నడచు మనము, మనిషికి మందిచ్చునపుడు కన్నులు మూసికొనవచ్చునా?

వర్తకులమైన మనకు ఇంకొక హెచ్చరికయు కలదు. అచౌర్యవ్రతమునకు చెప్పిన అతిచారములలో ‘ప్రతిరూపక వ్యవహార’ మొకటి: మంచి సరుకు పోలికగల నాసి సరుకును కలిపి అమ్ముట. మిరియాలలో బొప్పాయి గింజలు, పసుపులో సీసపు రంగు ఇట్టివే. పథ్యపు కషాయములో పడు సరుకును కల్తీచేయుట దొంగతనము మాత్రమే కాదు, హింస కూడ. మధుమేహమును, రక్తపుపోటును నయము చేయుదుమని ప్రకటించుటను 1954 నాటి చట్టము నిషేధించినది. చట్టము అచ్చువేసిన ప్రకటనను పట్టుకొనును. అంగడి గల్లాపెట్టె వద్ద మనము పలుకు మాటను మన వ్రతమే పట్టుకొనవలెను.

కావున ఇంటింట కొన్ని నియమములు పెట్టుకొందము. జలుబునకు శొంఠి కషాయము కాచుకొనవచ్చును. దీర్ఘరోగమునకు వైద్యుడిచ్చిన మందును ఆయన నడుగక మానరాదు. చూర్ణము వాడుచున్నచో ఆ సంగతి వైద్యునికి దాచరాదు. మధుమేహమునకు మాత్రగాని ఇన్సులిన్ గాని వాడువారు ఉపవాసమునకు ముందు వైద్యుని సలహా పొందవలెను. తిండి మాని మందు మామూలుగా పుచ్చుకొన్నచో రక్తములో చక్కెర పడిపోయి స్మృతి తప్పవచ్చును. అనుపానమున తేనె కూడదనువారు బెల్లమో నెయ్యియో తమకు తగునా యని అడుగవచ్చును. మందుగొట్టముల జెలటిన్ సాధారణముగా పశువుల తోలు, ఎముకల నుండి వచ్చునది. వేరు రూపమున ఆ మందు దొరకునా యని అడుగుడు, దొరకువరకు మందు మానకుడు.

ఆ తమ్ముడు నేడు ఎడమచేతితో చిట్టా వ్రాయ నేర్చుకొనుచున్నాడు. నెలనెలా ఆయన మాత్రలు నేనే కొని తెచ్చి యిచ్చెదను. ప్రక్కన కూర్చుండి ఇరువురము సామాయికము చేయుదుము. ఆయన కెన్నడో చెప్పుకొన్న మాటను ఈ పర్వమున మీ యందరి ముందును చెప్పుకొనుచున్నాను.

మిచ్ఛామి దుక్కడం.