చేయించిన హింస

కెలమంగలం, హోసూరు ప్రాంతములో మల్బరీ సాగు కలదు. పట్టుగూటిని ఉడికించుటలోని జీవహింసను జైన వర్తకుడు వెంటనే గుర్తించును. వ్యాయామ దుస్తులు నూలు, పాలియెస్టరులతో తయారగును గనుక వానిని కుట్టించి అమ్ముటలో హింస లేదని తలచుట సులభము.

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావర్‌లో రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా మరణించిరి. గోడల బీటలు ముందునాడే కనబడినను కుట్టుపనివారిని లోనికి పంపిరి. ఆ దుస్తులు తెప్పించుకొను సంస్థలు దూరదేశములవి.

చేయుట, చేయించుట, ఆమోదించుట — మూడింటను కర్మాస్రవము కలదని తత్త్వార్థ సూత్రము తెల్పుచున్నది. కనుక కుట్టించు కార్ఖానాను ఎన్నుకొనునపుడు నమూనా, ధర చూచిన చాలదు. కట్టడము, ద్వారములు, కూలి స్వయముగా చూడవలెను. తాను పెట్టిన గడువులో, తానిచ్చు ధరకు ఆ పని న్యాయముగా సాగదని తెలిసియు బేరమాడినచో దోషము కార్ఖానాదారునిది మాత్రమే కాదు. లాభమును కొంత తగ్గించుకొనుటయే అచ్చట అహింసావ్రతము.