ఐదోది దైవం

2023 ఏప్రిల్ 23. కేదార్‌నాథ్ గుడి తలుపులు తెరవడానికి ఇంకా రెండు రోజులున్నాయి. యాత్ర ఏర్పాట్లు చూడ్డానికి కొండ మీదికి వెళ్లిన ఉత్తరాఖండ్ పౌర విమానయాన సంస్థ అధికారి ఒకరు హెలిప్యాడ్ దగ్గర హెలికాప్టర్ తోక రెక్క తగిలి చనిపోయారు. హెలికాప్టర్ కూలిపోలేదు. అది నేల మీదే ఉంది, రెక్కలు మాత్రం తిరుగుతున్నాయి.

నెల్లూరు తీరాన తోటపల్లి గూడూరు మండలంలో ఏ అరుగు మీదైనా ఇలాంటి వార్త చదివితే మొదట వినిపించే మాట ఒకటుంది: భూమ్మీద నూకలు చెల్లిపోయాయి. పోయినవాళ్ల గురించి నిందగా మాట్లాడకూడదన్న మర్యాద ఆ మాటలో ఉంది, కాదనలేం. కానీ ఆ మాటతో విచారణ కూడా అక్కడే ఆగిపోతుంది. దేవుడి దగ్గరికి పోయే దారిలో ప్రాణం పోతే దాన్ని పూర్తిగా రాతకే వదిలేయాలా? ఏడాదికేడాది ఈ తీరం నుంచి చార్‌ధామ్ యాత్రకు వెళ్లే వాళ్లలో నడవలేని పెద్దలు కొందరు హెలికాప్టర్ ఎక్కుతున్నారు కనుక ఇది ఊరికే వేదాంత చర్చ కాదు.

ముందు యంత్రం సంగతి. శిక్షణకు ప్రపంచమంతా వాడే సెస్నా 172 అనే చిన్న విమానం ముక్కుకు ఉండే ప్రొపెల్లర్ ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 1.9 మీటర్లు. విమానం కదలకుండా నిలబడి ఉన్నా, ఇంజిన్ నిమిషానికి 800 సార్లు తిరుగుతుంటే రెక్క కొస వేగం గంటకు సుమారు 285 కిలోమీటర్లు. ఆ వేగంలో రెక్క కంటికి ఆనదు, పల్చటి పొరలా అనిపిస్తుంది. తలుపులేమో దానికి కొద్ది అడుగుల వెనకే ఉంటాయి. అందుకే దిగినవాళ్లు తోక వైపు నడవాలి. హెలికాప్టర్ దగ్గర ఈ నియమం తలకిందులవుతుంది. అక్కడ తోక వైపే మృత్యువు. పైలట్ కంటికి కనబడేలా ముందు నుంచో పక్క నుంచో వెళ్లాలి, అలాగే రావాలి. వాలు నేల మీద ఆగి ఉంటే పల్లం వైపు నుంచే వెళ్లాలి, ఎందుకంటే మెరక వైపు పెద్ద రెక్క నేలకు దగ్గరవుతుంది. ఒకదాని దగ్గర ప్రాణం కాపాడిన అలవాటు రెండోదాని దగ్గర ప్రాణం తీయగలదు.

2011 డిసెంబర్ 3న అమెరికాలో, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ నగరానికి దగ్గర్లోనే, ఒక యువతి చిన్న విమానంలో క్రిస్మస్ దీపాలు చూసి కిందికి దిగింది. ఇంజిన్ ఆడుతూనే ఉంది. ముందు వైపు నడిచింది. ఎడమ చెయ్యి, ఎడమ కన్ను పోయాయి, ప్రాణం మిగిలింది. తెలియని మనిషి కాబట్టి అలా జరిగిందనుకుందామా? 2015 డిసెంబర్ 16న ముంబయిలో హైదరాబాద్ రావడానికి సిద్ధమైన ఎయిర్ ఇండియా విమానం ఇంజిన్ లోపలికి లాగేసింది సాక్షాత్తూ ఆ సంస్థ టెక్నీషియన్‌నే. విమానాల మధ్య బతికిన మనిషి ఆయన.

ఇప్పుడు భగవద్గీత పద్ధెనిమిదో అధ్యాయం తెరవాలి. ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కలవాలని కృష్ణుడు చెబుతాడు: అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, ఐదోది దైవం. వ్యాఖ్యాతలు అధిష్ఠానం అంటే శరీరమని, కరణాలంటే ఇంద్రియాలని చెబుతారు. ఆ లెక్కను హెలిప్యాడ్ దాకా తీసుకొస్తే నిలబడ్డ చోటు, మనిషి, పనిముట్టు, కదలిక వరసగా ముందుకొస్తాయి. తాడు కట్టి హద్దు గీశారా? దింపేవాడు చెప్పాడా, దిగేవాడు విన్నాడా? రెక్క ఆగిందా? అడుగు ఎటు పడింది? ఈ నాలుగూ అడగకుండా ఐదోదాని దగ్గరికి పరుగెత్తడం భక్తి కాదు. మనం చెయ్యాల్సింది చెయ్యకుండా ఆ భారం దేవుడి నెత్తిన పెట్టడమది.

అదే చోట గీత ఇంకో సంగతి కూడా చెబుతుంది. ఐదు కారణాలుండగా ఆత్మ ఒక్కటే కర్త అని చూసేవాడు సరిగా చూడనివాడట. ఆత్మ కర్త కాదని నిరూపించడం అక్కడి అసలు ఉద్దేశం. అయినా ప్రమాదం జరిగిన మర్నాడు "ఆమె చూసుకోవద్దా, ఆయనకు తెలియదా" అనేవాళ్లకూ ఆ మాట తగులుతుంది. అంతా రాత అనడం ఎంత తప్పో, అంతా పోయినవాడి తప్పే అనడమూ అంతే తప్పు.

దైవం గొప్పదా, పురుషకారం, అంటే మనిషి ప్రయత్నం, గొప్పదా అని ధర్మరాజు భీష్ముణ్ని సూటిగానే అడిగాడు. మహాభారతం ఆనుశాసనిక పర్వంలోని ప్రశ్న అది. ఆ పర్వాన్ని తెలుగు చేసిన తిక్కన నెల్లూరి మనుమసిద్ధి కొలువులోని మంత్రి. బ్రహ్మ వసిష్ఠుడికి చెప్పినట్టుగా భీష్ముడిచ్చిన జవాబు పెన్నా డెల్టా రైతుకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేనిది: పురుషకారం పొలం, దైవం విత్తనం, రెండూ కలిస్తేనే పంట. దున్నని చేలో విత్తనం చల్లి దేవుణ్ని తప్పుపట్టే రైతు తోటపల్లి గూడూరులో దొరకడు.

మిగతా మతాలూ ఇదే చెప్పాయి. దేవాలయ శిఖరం మీంచి దూకు, దూతలు పట్టుకుంటారు అని సాతాను రెచ్చగొడితే, దేవుణ్ని పరీక్షించకూడదని యేసు నిరాకరించాడని సువార్తలు చెబుతాయి. ఒంటెను కట్టేసి ఆపైన అల్లాను నమ్ముకోమని ముహమ్మద్ ప్రవక్త చెప్పినట్టు హదీసు ఉంది. నెల్లూరు బారాషహీద్ దర్గాలో రొట్టె పట్టుకుని మొక్కే మనిషి కూడా ఆ పక్కనే ఉన్న స్వర్ణాల చెరువులో లోతు చూసుకునే దిగుతాడు.

ఇంజిన్ ఆపడానికి వీల్లేని వేళలూ ఉంటాయి. 2021 నవంబర్‌లో అనంతపురం జిల్లాలో చిత్రావతి వరదలో చిక్కుకున్న పదిమందిని వాయుసేన హెలికాప్టర్ పైకి తీసింది. అక్కడ తిరిగే రెక్కే వాళ్లకు ఊపిరి. ఆ ప్రమాదానికి సిద్ధపడటంలో ధర్మం ఉంది. కానీ ఇంకో ట్రిప్పు కోసం, నాలుగు నిమిషాలు కలిసిరావడం కోసం రెక్క తిరుగుతుండగానే ముసలివాళ్లను దింపడం వేరు. అలా దింపక తప్పదనేవాళ్లు, దిగే ప్రతి మనిషినీ చెయ్యి పట్టుకుని రెక్కల పరిధి దాటించే బాధ్యత కూడా తీసుకోవాలి. ఎక్కేవాడికి తెలియనిది ఎక్కించేవాడికి తెలుసు. తెలిసినవాడి మీదే బరువెక్కువ.

నెల్లూరు జిల్లా నుంచి యాత్రికులను తీసుకెళ్లే ట్రావెల్స్ వాళ్లు బస్సు కదలకముందే ఒక పని చెయ్యవచ్చు. హెలికాప్టర్ దగ్గర ఎక్కడ ఆగాలో, పిలిచేదాకా ఎందుకు కదలకూడదో, కొంచెం వంగి నడవడం, టోపీ, కండువా చేత పట్టుకోవడం, ఎగిరిపోయినదాని వెంట పరుగెత్తకపోవడం, ఫోను జేబులో పెట్టుకోవడం, తోక వైపు అస్సలు పోకపోవడం - ఇవన్నీ తెలుగులో, పెద్దవాళ్లకు అర్థమయ్యేలా నిలబెట్టి చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. హిందీలోనో ఇంగ్లీషులోనో హెలిప్యాడ్ హోరులో అరిచే మాట వాళ్లకు చేరదు. కొబ్బరికాయ కొట్టి బస్సు బయల్దేరదీసే ఆనవాయితీ ఎలాగూ ఉంది. ఆ ఐదు నిమిషాలను దాని పక్కనే చేర్చడానికి ఏ శాస్త్రమూ అడ్డురాదు.