వార్ధక్యమున కలుగు భయము భక్తిలోపమా?

సంధ్యవేళ బస్సు కొంత ఆలస్యమైనచో కొడుకునకేమైనదోయని ఒక తల్లి గుండె దడదడలాడును. గడియ వేసిన తలుపును ఒక తాత రాత్రి నాలుగుమార్లు లేచి చూచివచ్చును. మెడలో ఇష్టలింగముండగా ఈ భయమేలయని ఇంటివారందురు. ఆ మాట వినిన పెద్దలు భయపడుట మానరు, చెప్పుట మానుదురు. భయము నిజముగా భక్తిలోపమునకు గుర్తా?

పాలమూరు పల్లెల యువకులు బొంబాయి, పూనా, హైదరాబాదులకు కూలికి పోవుట తరతరముల కథ. ఇండ్లలో మిగులువారు వృద్ధులే. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో ఏండ్ల తరబడి ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు బిగిసినవారికి పడిపోదుమేమోయను భయము కల్పితము కాదు. అయితే చింత నెలల తరబడి వదలక నిద్రను, ఆకలిని, పనిని చెఱచుచున్నచో దానిని వైద్యులు ఆందోళనవ్యాధి యందురు. థైరాయిడు గ్రంథి అతిగా పనిచేసినను గుండెదడ, వణుకు కలుగును. కావున ముందు పరీక్ష చేయింపవలెను. జ్వరము వచ్చినవానిని భక్తి లేదని ఎవరును నిందింపరు. మనస్సు నొచ్చినవానికి వేఱు న్యాయమేల?

శరణులు నిర్భయులు కారా యని ఆక్షేపము రావచ్చును. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి కథ కలదు. శివునికి తల్లి లేదని వగచి, తానే తల్లియై, ఆ బిడ్డకు జబ్బు చేసినదని ఆమె తల్లడిల్లెను. ఆ తల్లడింపును పురాణము లోపముగా నెంచలేదు, ప్రేమగా నెంచినది. ప్రేమ యున్నచోట భయము పుట్టుట సహజము. దానిని ఒంటరిగా మోయవలసివచ్చినపుడే అది వ్యాధిగా ముదురుటకు త్రోవ యేర్పడును.

కావున కుటుంబములకు, మఠములకు విధి యొకటి కలదు. విశ్రాంతి పేర పెద్దల చేతిలోని పనియంతయు లాగికొనరాదు. పత్రి కోయుట, మనుమలకు చదువు చెప్పుట వంటి చిన్న కాయకమైనను మిగుల్పవలెను. అన్నము పెట్టుట దాసోహమైనట్లే, కొంతసేపు కూర్చుండి వారి మాట వినుటయు దాసోహమే. ఇంటికి వచ్చు జంగమయ్యలు ఈ సేవకు తగినవారు. 2022 అక్టోబరున ఆరంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో ఉచితముగా సలహా లభించును. నిద్రమాత్రలను సొంతముగా కొని మ్రింగరాదు. వాటివలన వృద్ధులు తూలిపడు ప్రమాదము హెచ్చు. వైద్యుడిచ్చిన మందు పూజకు విఘ్నము కానేరదు.

లింగమును కరస్థలమున నుంచుకొని ఒక ముసలితల్లి భయముతో కన్నీరు పెట్టినచో ఆమె భక్తియందు లోపము లేదు. ఆమె ప్రక్కన ఎవరును కూర్చుండకున్నచో లోపము కలదు. అది ఆమెది కాదు.