అడిగి చేసేదే సేవ

సేవ చేసేవాళ్లు గొప్పా, చేయించుకునేవాళ్లు గొప్పా? పోయిన సెలవుల్లో మేము ముగ్గురం సండూరు దగ్గరి ఒక తాండాకు పిల్లలకు చదువు చెప్దామని పోయాం. ఒక అవ్వ నవ్వి నా చేతికి సూది, అద్దం ముక్క ఇచ్చింది. గంటసేపు కుట్టినా అద్దం నిలవలేదు. సండూరు లంబాణీ కుట్టుకు జి.ఐ. గుర్తింపు ఉంది. 2023లో హంపీ జి-20 సమావేశంలో 450 మందికి పైగా మహిళలు కుట్టిన 1,755 ముక్కల ప్రదర్శనకు గిన్నిస్ రికార్డు వచ్చింది. అంత విద్య ఉన్నవాళ్లకు ఏం కావాలో మేమే అనుకుని పోయాం!

పెరూ దేశంలోని తాకీలె దీవిలో క్వెచువా రైతులు యాత్రికులను వంతులవారీగా తమ ఇళ్లలో ఉంచుకుంటారు. వంతు ఎవరిదో ఊరే చెబుతుంది. సాయానికి వెళ్లినా మనం అతిథులమే. ఏం కావాలో ముందు ఇంటివాళ్లను అడగాలి. మేము అడగలేదు. ఈసారి అడుగుతాం.