గర్భగుడి దేవుడు, గడప మంగళం

ఒక మతంలో పుట్టిన పవిత్ర రూపం పరమతస్థుల నేల చేరినప్పుడు దాని పవిత్రత కూడా వెంట వస్తుందా అన్న ప్రశ్నకు, ఒమాన్‌లోని సలాలాకు తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరాన ఉన్న ఖోర్ రోరి శిథిలాలు మంచి ఆధారమిస్తాయి. హద్రమౌత్ రాజ్యం సాంబ్రాణి వర్తకానికై నెలకొల్పిన ఈ సుమ్‌హురం రేవు పట్టణం సీన్ అనే దేవుణ్ణి కొలిచేది. 1950ల తొలి ఏళ్లలో అక్కడ తవ్వకాలు జరిపిన అమెరికన్ బృందానికి ఒక చిన్న భారతీయ కంచు స్త్రీమూర్తి దొరకగా, పండితులు దానిని సాలభంజికగా, అనగా చెట్టుకొమ్మను పట్టుకొని నిలిచే మంగళప్రదమైన వనితారూపంగా గుర్తించారు.

క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నౌకాయాన గ్రంథం 'పెరిప్లస్', భరుకచ్ఛం నుంచీ కేరళ తీరం నుంచీ వచ్చిన ఓడలు ఈ తీరంలో శీతకాలం గడిపి, బట్టలు, గోధుమలు, నువ్వులనూనె ఇచ్చి సాంబ్రాణి తీసుకువెళ్లేవని చెబుతూ, కావలి లేకుండా కుప్పలుగా పడివున్న ఆ సరుకును దేవతాశక్తే కాపాడేదనీ, రాజానుమతి లేకుండా గింజంత ఎక్కించినా ఓడ కదలదనీ అక్కడి నమ్మకాన్ని నమోదు చేసింది. స్థానిక దైవంపై ఇంత గట్టి విశ్వాసమున్న చోట కూడా పరదేశపు స్త్రీమూర్తికి చోటు దొరికింది.

ఇంతకన్నా ప్రాచీనమైన ఉదాహరణ అస్సీరియాది. నేటి ఇరాక్‌లోని నిమ్రూద్ రాజభవనాలలో బయటపడిన, క్రీ.పూ. 9-7 శతాబ్దాలనాటి దంతపు పలకలలో పలువాటిని ఫినీషియా శిల్పులు చెక్కారు. పద్మంపై కూర్చున్న బాల హోరస్, రెక్కల స్ఫింక్స్‌లు వంటి ఈజిప్టు రూపాలు వాటిపై ఉన్నా, పక్కన చెక్కిన చిత్రలిపి అనేకచోట్ల అర్థం లేని అలంకారమే. ఆ పలకలు మంచాలకు, ఆసనాలకు తాపడమయ్యాయే గాని అస్సీరియన్ల ఆరాధ్యదైవాలు కాలేదు.

ఆగమశాస్త్రాల ప్రకారం శిల్పి చెక్కినంత మాత్రాన శిల దేవుడు కాదు. ప్రాణప్రతిష్ఠ, అనగా మంత్రపూర్వకంగా దైవాన్ని మూర్తిలోకి ఆవాహన చేసే క్రియ, ఆపై నిత్యార్చన జరగాలి. ఈ లెక్కన క్రియ తెలిసిన సమాజం వెంట లేనిదే మూలమూర్తి పరదేశంలో దైవంగా నిలవదు. సాలభంజిక తొలినుంచీ తోరణాలకూ స్తంభాలకూ చెందిన రూపం కాబట్టి, ఆమె మంగళత్వానికి మంత్రం అవసరం లేకపోయింది. నాగార్జునకొండ రాజప్రాసాద ప్రాంతపు స్తంభంపై కొమ్ముపాత్రతో నిలిచిన పురుషుణ్ణి కొందరు పండితులు గ్రీకు దేవుడు డయోనిసస్‌గా గుర్తించడం కూడా ఈ వాదానికి బలమిస్తుంది. మతాలు గర్భగుడి విషయంలో పట్టుదలగా ఉంటూనే, గడప దగ్గర, పడక దగ్గర కోరే రక్షణకూ సమృద్ధికీ పరాయి రూపాలను స్వీకరించాయి. కనుక ఇటువంటి రూపం ఎక్కడ దొరికినా, అది ఏ దేవతదని అడగడంతో ఆగక, ఆ ఇంట ఏ పని చేసిందని కూడా విచారించడం న్యాయం.