పంట పండిన ఏళ్ళలో ఇచ్చిన మాట

అప్పులన్నీ తీర్చలేని స్థితికి దిగజారిన మనిషి ఉన్న కాస్త సొమ్మును ముందుగా ఎవరికి చెల్లించాలి? మన ఫిఖహ్ గ్రంథాలలో ‘ముఫ్లిస్’ అధ్యాయం చదివినవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. కాని ఇదే దుస్థితి ఒక మనిషికి కాక ఒక పట్టణానికే వస్తే? పురపాలక సంఘం చేతిలో ఉన్న సొమ్ము ఏ ఒక్కరి సొంతమూ కాదు. అది అమానత్. ఆ అమానత్‌ను చూపి పాలకులు రేపటికోసం మాట ఇవ్వవచ్చా? ఇస్తే ఎంతవరకు ఇవ్వవచ్చు? ఈ ప్రశ్నను గాలిలో చర్చించడం కంటే, నిజంగా జరిగిన ఒక ఉదంతాన్ని ముందుంచుకుని ఆలోచించడం మేలని మేము భావిస్తున్నాము.

స్టాక్టన్ నగరం

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు తూర్పు దిశగా స్టాక్టన్ అనే నగరం ఉంది. జనాభా సుమారు 3 లక్షలు. చుట్టూ పొలాలు, తోటలు. 2000 తర్వాత తొలి సంవత్సరాల్లో, సముద్రతీర నగరాల్లో ఇల్లు కొనే స్తోమత లేనివారు ఇక్కడికి రాసాగారు. పొలాలు కాలనీలయ్యాయి. ఇళ్ళ ధరలు ఏటికేడు పెరిగాయి.

ఆ రాష్ట్రంలో పన్ను విధానం ఎలాంటిదో కొంచెం తెలుసుకోవాలి. 1978లో ప్రజలు ఓటు వేసి ఆమోదించిన నియమం ప్రకారం మూల ఆస్తి పన్ను ఇంటి విలువలో 1 శాతానికి మించరాదు. ఇల్లు ఒకే యజమాని చేతిలో ఉన్నంతకాలం పన్ను కోసం లెక్కించే విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదు. ఇల్లు చేతులు మారినప్పుడు మాత్రం కొత్త ధర మీద పన్ను పడుతుంది. అంటే, ఇళ్ళ క్రయవిక్రయాలు జోరుగా సాగితే ఖజానా నిండుతుంది. కొత్త ఇళ్ళ అనుమతి రుసుములు దానికి తోడవుతాయి. ఇదంతా అమ్మకాల జోరు మీద ఆధారపడిన రాబడి. అది శాశ్వతమైనదని నగర పాలకులు భావించారు.

అందుకే 2005లో పెద్ద ఇండోర్ స్టేడియం, బేస్‌బాల్ మైదానం ప్రారంభమయ్యాయి. స్టేడియం తొలి రోజుల్లో ఒక గాయకుని కచేరీకి 10 లక్షల డాలర్లు చెల్లించారు. 2007లో నగర కార్యాలయం కోసం 3 కోట్ల 50 లక్షల డాలర్లతో ఒక బహుళ అంతస్తుల భవనం కొన్నారు. అదే సంవత్సరం, ఉద్యోగుల పింఛన్ల బకాయి తీర్చడానికి సుమారు 12 కోట్ల 50 లక్షల డాలర్లు అప్పు చేశారు. ఆ సొమ్మును పింఛను నిధి మార్కెట్లో పెట్టింది. మరుసటి ఏడాదే మార్కెట్ కూలింది. సొమ్ము తరిగింది కాని, అప్పు మాత్రం తరగలేదు. వీటన్నిటికంటే ముందే, పదవీ విరమణ చేసిన ఉద్యోగులకు జీవితాంతం ఉచిత వైద్యం అందిస్తామని మాట ఇచ్చి ఉన్నారు. దానికోసం విడిగా దాచిన సొమ్ము లేదు.

ఇళ్ళ మార్కెట్ పతనమైనప్పుడు స్టాక్టన్‌లో ధరలు సగానికి పైగా పడిపోయాయి. వాయిదాలు కట్టలేక ఇళ్ళు జప్తయిన నగరాల జాబితాలో దాని పేరు దేశంలోనే ముందు వరుసలో నిలిచింది. ఖజానా ఎండిపోవడంతో పోలీసు ఉద్యోగాల్లో దాదాపు నాలుగో వంతు తగ్గించారు. అగ్నిమాపక సిబ్బందినీ, గ్రంథాలయాలనూ కుదించారు. ఘనంగా కొన్న భవనాన్ని అప్పుదారులు స్వాధీనం చేసుకున్నారు. చివరకు 2012 జూన్ 28న నగరం దివాలా పిటిషన్ వేసింది. 2013 జూలైలో డెట్రాయిట్ దివాలా తీసేవరకు, అమెరికాలో దివాలా తీసిన నగరాలన్నిటిలో ఇదే పెద్దది. ఆ 2012లోనే అక్కడ 71 హత్యలు జరిగాయి. నగర చరిత్రలో అప్పటికి అదే అత్యధికం.

తప్పు ఎక్కడ జరిగింది?

స్టేడియం కట్టడమే తప్పు అనడం తొందరపాటు. నగరం నడిబొడ్డు పాడుబడి ఉంది. దుకాణాలు మూతపడ్డాయి. యువకులకు పని కావాలి. ఊరికి కొత్త కళ తేవాలనుకోవడం పాలకుల బాధ్యతే. పైగా ‘ఇళ్ళ ధరలు పడిపోతాయని ఎవరికి తెలుసు? బ్యాంకులకే తెలియలేదు కదా!’ అని వారి పక్షాన వాదించేవారూ ఉన్నారు. ఈ వాదనలో కొంత నిజం ఉంది.

ఇక్కడ మనకు హజ్రత్ యూసుఫ్ (అ) గాథ గుర్తుకురావాలి. ఏడేళ్ళు పంటలు పండుతాయి, తర్వాత ఏడేళ్ళు కరువు వస్తుందని ఆయన రాజు కలకు అర్థం చెప్పారు. పండిన ధాన్యంలో తినడానికి కావలసిన కొద్ది భాగం మినహా, మిగిలినదాన్ని వెన్నుల్లోనే ఉంచి దాచమన్నారు. ఆ తర్వాత ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని కోరుతూ, తనకున్న రెండు గుణాలను పేర్కొన్నారు: తాను కాపాడేవాడు, తెలిసినవాడు. ఈ రెండూ కలిసే ఉండాలి. కాపాడే మనసుండి లెక్క తెలియకపోయినా, లెక్క తెలిసి కాపాడే మనసు లేకపోయినా ప్రజల సొమ్ము నిలవదు.

‘యూసుఫ్ (అ)కు అల్లాహ్ జ్ఞానమిచ్చాడు. మామూలు పాలకులకు భవిష్యత్తు ఎలా తెలుస్తుంది?’ అని ఎవరైనా అడగవచ్చు. కరువు ఫలానా సంవత్సరం వస్తుందని తెలియనక్కరలేదు. పంట పండే ఏళ్ళూ వస్తాయి, ఎండే ఏళ్ళూ వస్తాయి అని తెలిస్తే చాలు. ఆ మాత్రం మన ఊళ్ళో రైతుకూ తెలుసు, విత్తనాల గింజలు పక్కన పెట్టే ఇల్లాలికీ తెలుసు. స్టాక్టన్ పాలకుల తప్పు భవిష్యత్తును చూడలేకపోవడం కాదు. మంచి ఏడాది రాబడిని కొలతగా పెట్టుకుని, చెడ్డ ఏళ్ళకు కూడా మాట ఇచ్చేయడం. తన వద్ద లేని వస్తువును అమ్మవద్దని దైవప్రవక్త (స) హకీమ్ బిన్ హిజామ్ (రజి)కు చెప్పారు. ఆ ఆదేశం వ్యాపారానికి సంబంధించినదే. అయినా దాని వెనుక ఉన్న నీతి ప్రజల ఖజానాకు మరింత వర్తిస్తుందని మా అభిప్రాయం. వ్యాపారి లేని సరుకును అమ్మితే నష్టపోయేది ఒక కొనుగోలుదారు. పాలకుడు లేని సొమ్మును పంచితే నష్టపోయేది పుట్టబోయే బిడ్డలు కూడా.

ఎవరి మాట ముందు నిలబెట్టాలి?

దైవప్రవక్త (స) కాలంలో ఒకాయన పండ్లు కొని నష్టపోయి అప్పులపాలైన సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. ఆయనకు దానం చేయమని ప్రవక్త (స) ప్రజలకు చెప్పారు. ప్రజలు ఇచ్చారు కాని, అప్పంతా తీరడానికి అది చాలలేదు. అప్పుడు ఆయన (స) అప్పుదారులతో దొరికినది తీసుకోమని, అంతకుమించి వారికి ఏమీ లేదని తేల్చారు. ఈ సంఘటన నుండి మూడు విషయాలు తెలుస్తున్నాయి. నష్టపోయినవాణ్ణి సమాజం ఒంటరిగా వదలలేదు. ఉన్నది దాచుకోవడానికి అతనికి అవకాశం ఇవ్వలేదు. అప్పుదారులు కూడా కొంత నష్టం భరించక తప్పలేదు.

స్టాక్టన్‌లో జరిగిందేమిటి? 2013 నవంబరులో పౌరులు తమ మీద తామే అమ్మకపు పన్ను పెంచుకోవడానికి ఓటు వేశారు. పింఛన్లను కూడా తగ్గించే వీలు చట్టంలో ఉందని 2014 అక్టోబరులో న్యాయమూర్తి చెప్పారు. అయినా వాటిని ముట్టుకోని ప్రణాళికనే ఆయన ఆమోదించారు. సుమారు 3 కోట్ల 60 లక్షల డాలర్లు అప్పిచ్చిన ఒక పెట్టుబడి సంస్థకు అందులో కొద్ది భాగమే దక్కింది. ఇక జీవితాంత వైద్యం? పదవీ విరమణ చేసినవారు 54 కోట్ల 50 లక్షల డాలర్ల హక్కును వదులుకోవలసి వచ్చింది. ప్రతిగా అందరికీ కలిపి అందినది 51 లక్షల డాలర్లు. రూపాయికి పైసా కూడా దక్కలేదన్నమాట.

ఇది న్యాయమా? కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమని బోధించే ధర్మం మనది. పింఛను అంటే వాయిదా వేసిన కూలి. ముప్పై ఏళ్ళు మంటలార్పినవాని వైద్యం కూడా అతని కూలిలో భాగమే. వడ్డీ ఆశించి, నష్టభయం తెలిసి అప్పిచ్చినవాడు, ముసలితనంలో మందులకోసం ఎదురుచూసేవాడు సమానం కారు. కనుక పింఛన్లను కాపాడడం సబబే. కాని వైద్యం విషయంలో ఇంకో కోణం కూడా చూడాలి. ఆ నగరంలో కొద్దికాలమే పనిచేసినవారికి కూడా జీవితాంత వైద్యం హామీ ఉండేది. అది కూలి కాదు, ఇతరుల ఖజానా నుండి చేసిన దానం. అమితంగా ఇచ్చిన ఆ దానం చివరకు నిజంగా కష్టపడినవాని కూలిని కూడా ముంచింది. పైగా ఆ హామీ ఇచ్చినవారెవరూ దాని భారం మోయలేదు. భారం మోసినది, ఆ మాట నమ్మి వేరే ఏర్పాటు చేసుకోనివారు.

అందుకే మేము చెప్పదలచింది ఇది: కరువు ఏళ్ళలో పాలకుల ముందు పూర్తి న్యాయమైన నిర్ణయం అంటూ మిగలదు. ఎవరికి ఎంత నష్టం అన్నదే మిగులుతుంది. న్యాయం చేసే అసలు అవకాశం పంట పండిన ఏళ్ళలోనే ఉంటుంది. మాట ఇచ్చే రోజే, దాన్ని చెల్లించే సొమ్ము ఎక్కడ ఉందో చూపాలి. చూపలేని మాట ఉదారత కాదు, ద్రోహం.

మన వంతు

అక్కడి ప్రజలు కూడా నిర్దోషులని చెప్పలేము. స్టేడియం తెరిచిన రోజు చప్పట్లు కొట్టిన చేతులు లెక్క అడగలేదు. అదే రాష్ట్రంలో వలేహో అనే చిన్న నగరం 2008లోనే దివాలా తీసింది. అక్కడ తర్వాత ఒక మంచి పని జరిగింది. పెంచిన అమ్మకపు పన్నులో కొంత భాగాన్ని ఏ పనులకు ఖర్చు చేయాలో పౌరులే నిర్ణయించాలని 2012లో పాలకమండలి తీర్మానించింది. 2013లో జరిగిన ఆ ఓటింగులో 16 ఏళ్ళు నిండినవారు కూడా పాల్గొన్నారు. తాము ఎంచుకున్న పనికి ఎంత ఖర్చవుతుందో ఒకసారి లెక్క చూసినవారు, ఆ తర్వాత వట్టి వాగ్దానాలకు సులభంగా మోసపోరు.

పాఠకులారా! మన వార్డుకు రోడ్డు, దీపాలు, కమ్యూనిటీ హాలు ఇస్తామని అభ్యర్థులు మన గుమ్మం ముందుకు వస్తారు. ‘ఏమిస్తారు?’ అని అందరమూ అడుగుతాం. ‘ఎక్కడి నుండి ఇస్తారు? రాబడి తగ్గిన ఏడాది ఎలా నడుపుతారు?’ అని అడిగేవారు మాత్రం అరుదు. ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి కాపరీ తన మంద గురించి జవాబు చెప్పవలసిందే అన్నది మనకు తెలిసిన హదీసే. ఓటు కూడా ఒక అమానతే. దాన్ని ఇచ్చేటప్పుడు లెక్క అడగడం మన బాధ్యత.

కలిగిన రోజుల్లో దాచే వివేకాన్నీ, కరువు రోజుల్లో పంచుకునే మనసునూ, ఇచ్చిన మాటను నిలబెట్టుకునే శక్తినీ అల్లాహ్ మనకూ, మన పాలకులకూ ప్రసాదించుగాక! ఆమీన్.